నిలువు వరుసలో పెద్ద సంఖ్య

ఒక పట్టికలో నిలువుగా కొన్ని సంఖ్యలు వ్రాసియున్నవి. వానిలో అన్నిటికంటె పెద్దది ఏది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు గొప్ప గణిత పాండిత్య మక్కఱలేదు. ఎక్కములు రాని పిల్లవాడైనను వ్రేలు పెట్టి పైనుండి క్రిందికి జరుపుచు, ఇంతవఱకు చూచినవానిలో పెద్దదానిని మనస్సున నుంచుకొని, దానిని మించినది కనబడినప్పుడు పాతదానిని విడిచి క్రొత్తదానిని పట్టుకొనును. వరుస ముగియునప్పటికి చేత మిగిలినదే గరిష్ఠ సంఖ్య. నేటి గణనయంత్రములు చేయునదియు దాదాపు ఇంతమాత్రమే. ఐనను, ఇంత సులభమైన ప్రశ్నకు లోకమంతయు తొంబది యేండ్లపాటు ఒక తప్పు జవాబును పాఠ్యపుస్తకములలో అచ్చువేసికొని చదువుకొన్నది. యంత్రములు వచ్చిన తరువాత అట్టి తప్పులు తగ్గలేదు సరిగదా, అవి పుట్టు త్రోవలు పెరిగినవి. ఆ త్రోవలు ఎట్లు ఏర్పడినవో, వానిని కనిపెట్టుటకు ఎవరెవరు ఎట్లు పాటుపడిరో ఈ పూట మీకు మనవి చేసెదను.

మన పల్లెలలో పూర్వము కరణములు అడంగలు వ్రాయుచుండెడివారు. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, వేసిన పైరు, ఇవి యన్నియు దానిలో నిలువు వరుసలు. అనుభవము గల కరణము విస్తీర్ణపు వరుసలో పెద్ద యంకె కనబడగానే దానిని నమ్మెడివాడు కాడు. ఆ సర్వే నంబరు ఎవరిది, ఆ పొలము చెఱువు క్రిందిదా మెట్టదా అని ఆ యంకెకు ఎడమప్రక్కను కుడిప్రక్కను ఏమున్నదో చదివెడివాడు. 'మన ఊరిలో ముప్పది యెకరముల చెక్క ఎక్కడిదయ్యా' అని తనలో తాననుకొని, మూడునకును సున్నకును నడుమ చుక్క జారిపోయినదని పట్టుకొనెడివాడు. నిలువుగా వెదకుట యొక పని. అడ్డముగా చదువుట వేఱొక పని. నేను చెప్పబోవు కథలన్నిటిలోను మొదటి పని జరిగినది, రెండవది జరుగలేదు.

మొదటి కథ ఆఫ్రికా ఖండమున లిబియా దేశములోనిది. ట్రిపోలీ నగరమునకు దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఎల్ అజీజియా అను ఊరు కలదు. 1922లో ఆ ప్రాంతము ఇటలీవారి యేలుబడిలో నుండెను. అచ్చటి కోటలో ఉష్ణోగ్రతను దినదినము గుర్తించి ఒక కాగితముపై వ్రాయుచుండిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన ఆ కాగితముపై 58 డిగ్రీలు అని వ్రాయబడెను. భూమిమీద అంతకు పూర్వము గాని తరువాత గాని ఎచ్చటను అంత వేడి కనబడలేదు. కనుక లోకములోని ఉష్ణోగ్రతల పట్టిక నంతటిని చూచి గరిష్ఠ సంఖ్య నెత్తిచూపుమన్నచో, ఎవరు చూపినను అదే వచ్చుచుండెను. కొన్ని పుస్తకములలో 58 అనియు, కొన్నిటిలో 57.8 అనియు ఉండును. దీనికి పెద్ద రహస్య మేమియు లేదు. 58 డిగ్రీల సెంటీగ్రేడును ఫారన్‌హీటులోనికి మార్చినచో 136.4 వచ్చును, ఆ చివరి నాలుగును విడిచి మరల సెంటీగ్రేడులోనికి మార్చినచో 57.8 వచ్చును. సంఖ్యలును మనుష్యులవలెనే పరదేశము పోయి వచ్చినప్పుడు కొంచెము మారి వచ్చును.

సందేహపడినవారు లేకపోలేదు. కాని సందేహము వేఱు, ఋజువు వేఱు. మూలమైన ఆ కాగితమును చూడనిదే ఎవరును గట్టిగా ఏమియు చెప్పలేకపోయిరి. ప్రపంచ వాతావరణ సంస్థవారు కడకు పలు దేశముల పండితులతో ఒక సంఘము నేర్పఱచిరి. అమెరికాలో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాండల్ సెర్వెనీ దానిని నడిపెను. లిబియా వాతావరణ శాఖలో అధికారిగా నున్న ఖలీద్ ఇబ్రహీం ఎల్ ఫద్లీ పాత దస్త్రములు వెదకి 1922 నాటి మూలపత్రమును బయటికి తీసెను. ఇంతలో 2011లో లిబియా దేశమున విప్లవము చెలరేగెను. కొన్ని నెలలపాటు ఎల్ ఫద్లీనుండి మాట లేదు, జాబు లేదు. ఆయన బ్రతికియున్నాడో లేడో కూడ తోడి పండితులకు తెలియలేదు. యుద్ధము తీవ్రత తగ్గిన పిమ్మట ఆయన మరల వారికి జాబు వ్రాసెను. పని మరల సాగెను. ఒక పాత అంకె నిజమా కాదా అని తేల్చుటకు ఒక మనుష్యుడు ఫిరంగుల నడుమ కాగితములు కాపాడుకొని కూర్చుండుట నాకు సామాన్య విషయముగా తోచదు.

ఆ కాగితము ఏమి చెప్పినది? సెప్టెంబరు 11వ తేదీనుండి దస్తూరి మారినది. అనగా రికార్డు పుట్టుటకు రెండు దినములు ముందుగా పాత గుమాస్తా పోయి క్రొత్త గుమాస్తా వచ్చినాడు. ఈ క్రొత్తవాడు గరిష్ఠ కనిష్ఠములను వ్రాయవలసిన నిలువు వరుసలలో వ్రాయక ప్రక్క వరుసలలో వ్రాసినాడు. పని తెలియనివాడని చెప్పుటకు అంతకంటె సాక్ష్యము వేఱే యక్కఱలేదు. వాడిన పరికరము కూడ ఆ పనికి తగినది కాదు. అది వంగిన గాజుగొట్టము గల ఒక పాతకాలపు ఉష్ణమాపకము. అందులో వేడికి పాదరసము పైకి లేచి ఒక చిన్న సూచికను ముందుకు త్రోయును; చల్లబడినప్పుడు పాదరసము దిగిపోవును గాని సూచిక అచ్చటనే నిలుచును. పాదరసము తాకిన క్రింది కొన దగ్గఱ అంకె చదువవలెను. పై కొన దగ్గఱ చదివినచో సూచిక పొడవంత ఎక్కువ వచ్చును. ఆ సూచిక పొడవు సుమారు 7 డిగ్రీలు!

ఇంకను చూచిరి. పరికరముంచిన చోట ఎడారి నేల కాక తారు వంటి పదార్థము పఱచియుండెను. ఆ దినమున చుట్టుప్రక్కల కేంద్రములలో అంత వేడి లేదు. తరువాతి సంవత్సరములలో ఎల్ అజీజియాలోనే అటువంటి వేడి మరల కనబడలేదు. ఇవి యన్నియు కలిపి, సుమారు 7 డిగ్రీల పొరపాటు జరిగియుండునని నిశ్చయించి, 2012 సెప్టెంబరు 13న, అనగా సరిగా తొంబది యేండ్లు నిండిన దినముననే, ఆ రికార్డును కొట్టివేసిరి. పండితులు చేసినది కరణము చేసిన పనియే. ఆ యంకెను విడిచి దాని ప్రక్కన నున్న తేదీని, దస్తూరిని, పొరుగు ఊళ్లను చదివిరి.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. పదివేల సంఖ్యలు గల వరుసలో ఒక తప్పు దొరలినదనుకొనుడు. సగటు తీసినచో ఆ తప్పు పదివేల భాగములై పోయి ఎవరికిని కనబడదు, ఎవరిని బాధింపదు. గరిష్ఠము తీసినచో అట్లు కాదు. ఎక్కువగా పడిన తప్పు ఏదియైనను తక్కిన నిజములనన్నిటిని దాటి పైకి వచ్చి కూర్చుండును. అందుచేత వరుసలో పెద్ద సంఖ్య యనునది ఆ వరుసలోని తప్పులలో పెద్దది యగుటకు ఎప్పుడును అవకాశము కలదు. 2024 మే 29న ఢిల్లీ ముంగేష్‌పూర్ కేంద్రములో యంత్రము తనంతట తానే 52.9 డిగ్రీలు అని పంపెను. ఆ దినమున ఢిల్లీలోని తక్కిన కేంద్రములలో 45.2 మొదలు 49.1 వఱకు మాత్రమే యుండెను. భారతదేశమున అంత వేడి ఎన్నడును లేదని పత్రికలు ఘోషించినవి. వాతావరణ శాఖవారు అచ్చటికి మనుష్యులను పంపి ప్రమాణ పరికరముతో సరిచూడగా, ఆ యంత్రము 3 డిగ్రీలు ఎక్కువ చూపుచున్నట్లు తేలినది. ఎల్ అజీజియాకు తొంబది యేండ్లు పట్టినది. ముంగేష్‌పూరునకు నాలుగు దినములు చాలినవి.

ఇంతవఱకు కాగితము మాట, పరికరము మాట. ఇక డేటాబేసుల సంగతి. గణనయంత్రములలో పట్టికలు దాచుకొను పద్ధతి 1960ల దశకములో మహాచిక్కుగా నుండెడిది. కావలసిన వివరము యంత్రములో ఎచ్చట నున్నదో, ఏ గొలుసు పట్టుకొని ఏ మలుపు తిరిగి పోవలెనో అడుగువాడే చెప్పవలెను. 1970 జూన్ నెలలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ అను ఆంగ్లేయుడు ఒక వ్యాసము ప్రకటించెను. సమాచారమంతయు అడ్డు వరుసలు, నిలువు వరుసలు గల పట్టికలుగా నుండవలెననియు, అడుగువాడు తనకు ఏమి కావలెనో చెప్పినచో చాలుననియు, ఎట్లు తేవలెనో యంత్రమే చూచుకొనవలెననియు దాని సారాంశము. ఈయన రెండవ ప్రపంచయుద్ధములో విమానము నడపినవాడు. 1974లో అదే సంస్థలోని డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అను ఇరువురు ఆ భావమునకు తగిన ప్రశ్నల భాషను ప్రకటించిరి. మొదట దానికి సీక్వెల్ అని పేరు. ఆ పేరు ఒక విమానముల కంపెనీవారి వాణిజ్య చిహ్నమని తెలిసి దానిని కుదించి ఎస్.క్యూ.ఎల్. అనిరి. బాయిస్ ఆ సంవత్సరమే చిన్న వయస్సున ఆకస్మికముగా మరణించెను. ఆయన భాష 1986లో అమెరికా ప్రమాణముగను, మరుసటి సంవత్సరము అంతర్జాతీయ ప్రమాణముగను అంగీకరింపబడినది.

యంత్రశాస్త్రము చదువనివారు కూడ మామూలు మాటలతో అడుగగలుగుట వారి ఆశయము. ఆ భాషలో గరిష్ఠ సంఖ్యను అడుగుటకు 'మ్యాక్స్' అను ఒకే మాట చాలును. నిలువు వరుస పేరు చెప్పి మ్యాక్స్ అన్నచో ఒకే యొక విలువ వచ్చును. అడుగుట ఇంత సులభమైనందున, అడిగినదానికిని మనస్సులో తలచినదానికిని గల యెడము కనబడక పోవుటయు అంత సులభమైనది.

నేనెఱిగిన ఒక సహకార సంఘములో అప్పు వాయిదాలకు రసీదులిచ్చు పద్ధతిని యంత్రమున కెక్కించిరి. క్రొత్త రసీదు నంబరు కావలసినప్పుడు యంత్రము పట్టికలోని నంబర్లలో పెద్దదానిని తెలిసికొని దానికి ఒకటి కలుపును. 009 తరువాత 010, 099 తరువాత 100, ఇట్లు 999 వఱకు చక్కగా నడచినది. 999 తరువాత 1000 వచ్చెను. ఆ తరువాత వచ్చినదియు 1000. ఆ పైదియు 1000. ఆ దినమున వాయిదా కట్టిన రైతులందఱకు ఒకటే నంబరు! కొన్ని నెలలకు ఒక రైతునకు బాకీ యున్నదని తాఖీదు వచ్చినది. రసీదు ఆయన చేతిలో నున్నది. బాకీయు లెక్కలో నున్నది. నంబరు పెట్టి చూచిన గుమాస్తాకు మొదట దొరికినది మఱియొకరి పేరు. 'ఈ రసీదు నీది కాదు' అనినారు. ఆ ముసలివాడు మడతలు పడిన ఆ కాగితమును బల్లపై పఱచి, 'అయ్యా, ముద్ర మీదే గదా' అని నిలువబడినాడు. ఒక చిన్న గుమాస్తాకు జాలి కలిగి, ఆ నంబరు గల వరుసలనన్నిటిని తేదీలతో సహా తీయించి చదువగా పదునేడు పేర్లు బయటపడినవి. వానిలో ఆయన పేరు తొమ్మిదవది.

కారణమేమి? ఆ నిలువు వరుసలో నంబర్లను సంఖ్యలుగా కాక అక్షరములుగా దాచిరి. అక్షరములను యంత్రము నిఘంటువు పోల్చినట్లు పోల్చును. నిఘంటువులో 'అరణ్యకాండము' పొడుగైన మాటయైనను 'కాకి'కి ముందే వచ్చును. మొదటి అక్షరము తేలిన తరువాత మిగిలినవానితో పనిలేదు. అట్లే 999లో మొదటిది తొమ్మిది, 1000లో మొదటిది ఒకటి. కనుక యంత్రము కంటికి 999 యే పెద్దది. ముందు సున్నలు చేర్చి మూడు స్థానములుగా వ్రాసినంతకాలము ఈ లోపము దాగియుండెను. నాలుగవ స్థానము రాగానే బయటపడినది.

ఈ అక్షరముల తారతమ్యము కూడ ప్రకృతిసిద్ధము కాదు, మనుష్యులు కూర్చుండి నిర్ణయించినదే. 1963లో అమెరికా ప్రమాణముగా వచ్చిన ఆస్కీ సంకేతములలో అంకెలు ముందు, ఇంగ్లీషు అక్షరములు తరువాత. మరుసటి సంవత్సరము ఐ.బి.ఎం. వారు తమ క్రొత్త యంత్రములతో తెచ్చిన ఎబ్సిడిక్ సంకేతములలో అక్షరములు ముందు, అంకెలు తరువాత. కావున ఒకే నిలువు వరుసను ఒక యంత్రమున అడిగినచో 'జడ్'తో మొదలగునది పెద్దదనును. మఱియొక యంత్రమున అడిగినచో తొమ్మిదితో మొదలగునది పెద్దదనును. రెండును సత్యమే పలుకుచున్నవి! తేదీలను మనము వ్రాయునట్లు దినము, నెల, సంవత్సరము అను క్రమమున అక్షరములుగా దాచినవారి గతియు ఇట్టిదే. 31-01-1999 అనునది 01-12-2024 కంటె పెద్దదగును. పాతికేండ్ల నాటి లావాదేవి నేటిదని తోచును. 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణము సంవత్సరమును ముందు, నెలను నడుమ, దినమును చివర వ్రాయుమన్నది. అట్లు వ్రాసినప్పుడు అక్షరముల క్రమమును కాలక్రమమును ఒకటే యగును. సంఖ్యల విషయమున చేయవలసినది తేట: దాచునప్పుడే సంఖ్యగా దాచవలెను, అది చేజారినచో, పోల్చునప్పుడైనను సంఖ్యగా మార్చి పోల్చుమని యంత్రమునకు స్పష్టముగా చెప్పవలెను.

ఇక ఖాళీ గడుల సంగతి. కరణము వ్రాసిన పట్టికలో ఒక గడి ఖాళీగా నున్నచో, అచ్చట సున్న యున్నట్లా, తెలియనట్లా, వ్రాయుట మఱచినట్లా? సున్నకును ఖాళీకిని చాల భేదము కలదు. కాడ్ పండితుడు దీనిని గుర్తించి, తెలియని విలువకు 'నల్' అను ప్రత్యేకమైన గుర్తు నంగీకరించెను. నల్ ఏ సంఖ్యకంటెను పెద్దది కాదు, చిన్నది కాదు, సమానమును కాదు. దానితో పోల్చినచో వచ్చు జవాబు 'తెలియదు' అనియే. దీనివలన పుట్టిన చిక్కులపై పండితులు దశాబ్దములపాటు వాదించుకొనిరి. మ్యాక్స్ అను మాట ఖాళీలను విడిచిపెట్టి మిగిలినవానిలో పెద్దది చెప్పును. అదే ప్రశ్నను మాట మార్చి, 'వరుసలోని విలువలన్నిటికంటె తక్కువ కానిది ఏది' అని అడిగినచో, ఆ వరుసలో ఒక్క ఖాళీ యున్నను జవాబే రాదు. ఆ ఖాళీలో ఏమున్నదో తెలియదు గనుక, దానిని మించినదని ఎవరిని గూర్చియు యంత్రము ప్రమాణము చేయజాలదు. మన చెవికి రెండు ప్రశ్నలును ఒకటే. ఒకదానికి జవాబు కలదు, మఱియొకదానికి లేదు. తర్కము తెలిసినవాడు యంత్రమును తప్పుపట్టలేడు.

పట్టికలో ఒక్క వరుసయు లేనప్పుడు మ్యాక్స్ సున్న చెప్పదు, నల్ అనియే చెప్పును. నల్లునకు ఒకటి కలిపినచో వచ్చునదియు నల్లే. అందుచేతనే క్రొత్తగా తెఱచిన చిట్టాలో మొట్టమొదటి నంబరు పుట్టక పని ఆగిపోవుట పలుచోట్ల జరుగును. గరిష్ఠము లేనప్పుడు సున్న తీసికొనుమని ముందుగానే చెప్పియుంచుట దానికి మందు. ఖాళీ విడుచుటకు భయపడి పెద్ద అంకె నింపు అలవాటు దీనికంటె చెడ్డది. అమెరికా వాతావరణ శాఖవారి దినసరి ఉష్ణోగ్రతల సంగ్రహములలో విలువ లేనిచోట 9999.9 అని యుండును. వివరణ పత్రములో ఆ సంగతి వ్రాసియే యున్నది. దానిని చదువక గరిష్ఠము నడిగినవానికి సూర్యుని ఉపరితలముకంటె వేడియైన ఊరు ఒకటి దొరకును.

అన్నిటికంటె ఎక్కువమంది పడు గుంట వేఱొకటి కలదు. ఉద్యోగుల పట్టికలో పెద్ద జీతమెంత అని అడుగుట సులభము. ఆ జీతము ఎవరిది అని వెంటనే తెలిసికొనవలెనని ఎవరికైనను తోచును. అప్పుడు పేరును, గరిష్ఠ జీతమును ఒకే ప్రశ్నలో అడుగుదురు. మ్యాక్స్ అనునది వరుసనంతటిని ఒక్క విలువగా కుదించునప్పుడు ఆ విలువ యజమానిని విడిచి వచ్చును. వందమంది పేర్లు ఒకవైపు, ఒకే సంఖ్య మఱియొకవైపు; ఏ పేరు చెప్పవలెను? ఇట్టి ప్రశ్న చెల్లదని తొలి ప్రమాణములే చెప్పినవి. పెద్ద డేటాబేసులు దానిని త్రోసిపుచ్చును. లోకమున మిక్కిలి వ్యాప్తి గన్న మైఎస్‌క్యూఎల్ మాత్రము చిరకాలము దయతలచి ఏదో యొక పేరు నిచ్చుచుండెను. జీతము నిజము, పేరు ఎవరిదో! తప్పు చెప్పినను గొంతు వణకదు గనుక విన్నవారు నమ్మిరి. 2015లో వచ్చిన 5.7వ కూర్పునుండి ఆ దయ మానుకొని, మామూలుగా అట్టి ప్రశ్నను తిరస్కరించుచున్నది. ఎస్‌క్యూలైట్ అను చిన్న డేటాబేసువారు వేఱు త్రోవ త్రొక్కిరి. 2012 నుండి వారు గరిష్ఠము దొరికిన ఆ అడ్డు వరుసలోని పేరునే ఇచ్చెదమని మాట యిచ్చిరి. ఒకచోట నేర్చినవాడు మఱియొకచోటికి పోయినప్పుడు మోసపోవుటకు ఇంతకంటె ఏమి కావలెను? అన్నిచోట్ల చెల్లు పద్ధతి ఏమనగా, ముందు గరిష్ఠమును తెలిసికొని, ఆ విలువ గల అడ్డు వరుసలను రెండవమారు వెదకి తెచ్చుకొనుట. ఆ వరుసలు రెండుగాని మూడుగాని యుండవచ్చును. పెద్ద జీతము ఒక్కరిదే యుండవలెనని నియమము లేదు.

మొదటిదానికే ఇంత చిక్కుండగా రెండవదానికి ఎంత యుండును! హైదరాబాదు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేరు శిక్షణ పొందిన మన యువకులలో రెండవ పెద్ద జీతము కనుగొను ప్రశ్న నెదుర్కొననివాడు అరుదు. ఉద్యోగపు పరీక్షలలో అది ఆనవాయితీ యైనది. ఈ ప్రశ్నకు మంచి వంశవృక్షము కలదు. ఆలిస్ కథ వ్రాసిన లూయీ కారల్, అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్, గణితోపాధ్యాయుడు. ఈయన 1883లో టెన్నిసు పందెములలో రెండవ బహుమతి ఇచ్చు పద్ధతి అన్యాయమని ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఓడినవాడు తొలగిపోవు పందెములో కడపటి ఆటలో ఓడినవానికి రెండవ బహుమతి ఇత్తురు. కాని నిజముగా రెండవవాడు మొదటి ఆటలోనే విజేత యెదుట పడి ఇంటికి పోయియుండవచ్చును గదా! 32 మంది ఆడినచో విజేతను తేల్చుటకు 31 ఆటలు కావలెను. విజేతచేత ఓడినవారు ఐదుగురు. రెండవవాడు ఆ ఐదుగురిలోనే యుండవలెను. వారిలో మేటిని తేల్చుటకు ఇంకను నాలుగు ఆటలు చాలును. ఇంతకంటె తక్కువ ఆటలలో తేలదా? తేలదని 1932లో ష్రయర్ అను గణితజ్ఞుడు చెప్పెను. లోపము లేని నిరూపణము 1964లో కిస్లిట్సిన్ చేసెను. అమీర్‌పేట పిల్లవాడు యంత్రము నెదుట పెట్టుకొని వ్రాయునది కొంత వేఱు: గరిష్ఠముకంటె చిన్నవైనవానిలో గరిష్ఠము చెప్పుమని వ్రాయును. అది మంచి జవాబే. ఐతే ఇరువురికి సమానముగా పెద్ద జీతమున్నప్పుడు రెండవ జీతమనగా ఆ ఇరువురిలో రెండవవానిదా, లేక వారికి క్రిందిదా అని మొదట అడిగి తెలిసికొన్నవానిని నేనైతే ఉద్యోగములోనికి తీసికొందును.

వేగము సంగతి క్లుప్తముగా చెప్పెదను. బోయింగ్ విమాన సంస్థ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ అనువారు బి-ట్రీ అను సూచికను కల్పించి 1972లో ప్రకటించిరి. దానిలో విలువలు క్రమముగా నుండును. పెద్దది కావలసినచో కుడివైపు చివరకు పోయినచో చాలును, కోటి వరుసలున్నను నాలుగైదు అడుగులే. ఐనను పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు చాలకాలము మ్యాక్స్ అనగానే సూచికను వదలి వరుసనంతటిని నడచి చూచుచుండెను. 2005లో వచ్చిన 8.1వ కూర్పులో దానిని సవరించిరి. అంతకు పూర్వము వాడుకరులు ఒక ఉపాయము పన్నిరి: పెద్దవి ముందు వచ్చునట్లు పేర్చి మొదటిది మాత్రమే తీసికొనుట. త్వరగానే వచ్చుచుండెను. కాని ఆ డేటాబేసు అట్లు పేర్చునప్పుడు నల్ గడులను అన్నిటికంటె ముందు పెట్టును! కనుక ఖాళీ యున్న వరుసలలో మొదట వచ్చినది శూన్యము. ఖాళీలను చివరకు త్రోయుమని వేఱుగా చెప్పుకొనవలసి వచ్చినది.

సహకార సంఘములో నంబర్ల వరుసను సంఖ్యలుగా మార్చిన తరువాత కూడ ఒక చిక్కు మిగిలినది. ఇరువురు గుమాస్తాలు రెండు బల్లలయొద్ద ఒకే క్షణమున పెద్ద నంబరు అడుగుదురు. ఇద్దఱికిని 1412 అని వచ్చును. ఇద్దఱును 1413 వ్రాసికొందురు. ఇచ్చట గరిష్ఠము సరియైనదే. చదివిన క్షణమునకును వ్రాసిన క్షణమునకును నడుమ అది పాతబడినది. పెద్దదానిని వెదకి ఒకటి కలుపుట మాని, యంత్రము స్వయముగా ఇచ్చు వరుస సంఖ్యను తీసికొనుమని వారికి సలహా యిచ్చిరి. అది ఒకసారి ఇచ్చిన నంబరును మరల ఇయ్యదు. నడుమ కొన్ని నంబర్లు ఎగిరిపోవుట కలదు. ఆడిటరు వచ్చినప్పుడు వానికి సంజాయిషీ చెప్పుకొనవలెను. ఒకే నంబరు ఇద్దఱు రైతుల చేతులలో నుండుటకంటె అది నయమని సంఘమువారు ఒప్పుకొనిరి.

గరిష్ఠ సంఖ్య చేతికి వచ్చినప్పుడు నేను ఆ యొక్కదానితో ఆగను. పై పది వరుసలను అన్ని నిలువు వరుసలతో సహా తీయించి చదువుదును. లోకములోని ఉష్ణోగ్రతల పట్టికను అట్లు తీయించినచో, ఎల్ అజీజియా కొట్టివేయబడిన తరువాత మొదట నిలిచినది అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు డెత్ వ్యాలీ. 1913 జూలై 10న గ్రీన్‌లాండ్ రాంచ్ అను చోట 56.7 డిగ్రీలని వ్రాసిరి. దానికి క్రింద, ప్రపంచ వాతావరణ సంస్థవారు పరికరములతో సహా పరిశీలించి 2019లో అంగీకరించిన 53.9 డిగ్రీలు కలదు. అది 2016 జూలై 21న కువైటు దేశపు మిత్రిబాలో నమోదైనది. ఈ రెంటి నడుమ దాదాపు 3 డిగ్రీల యెడము. ఆ 1913 జూలైలో పొరుగు కేంద్రముల వేడితో ఆ యంకె పొసగదని కొందఱు వాతావరణ చరిత్రకారులు వ్రాసియున్నారు. సంస్థవారు దానిని ఇంకను కొట్టివేయలేదు. ఆ దినముల కాగితములు నిలిచియున్నవి. వానిని అడ్డముగా చదువు పని సాగుచున్నది.